పొగతాగే అలవాటు ఎంత గట్టిదో కొలవడం ఎలా: ఫాగర్‌స్ట్రామ్ ఆరు ప్రశ్నలు

ఇంట్లో ఎవరైనా బీడీగానీ సిగరెట్టుగానీ మానాలనుకున్నప్పుడు మనం మొదట అడిగేది "రోజుకు ఎన్ని తాగుతున్నావు?" అనే. ఆ లెక్క అవసరమే గానీ, దానికంటే ఎక్కువ విషయం చెప్పే ప్రశ్న మరొకటి ఉంది: "పొద్దున నిద్ర లేచిన ఎంతసేపటికి మొదటిది వెలిగిస్తున్నావు?" ఈ ప్రశ్నకు మార్కులు కట్టి, మరికొన్ని ప్రశ్నలతో జతచేసి, వైద్యులూ ఆరోగ్య కార్యకర్తలూ అయిదు నిమిషాల్లో వాడుకోగలిగే పరీక్షగా మలచినవారు స్వీడన్‌కు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త కార్ల్ ఫాగర్‌స్ట్రామ్. ఈ పరీక్షను మన ఇళ్ళలో, మన పల్లెల్లో, బీడీకీ చుట్టకూ అలవాటుపడిన మనుషుల దగ్గర ఎలా వాడాలో, వచ్చిన మార్కులను బట్టి తరువాత ఏం చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ఉప్సాలా విశ్వవిద్యాలయంలో చదువుకున్న ఫాగర్‌స్ట్రామ్ 1975లో పొగ మానాలనుకునేవారి కోసం ఒక క్లినిక్ ప్రారంభించారు. 1978లో 'అడిక్టివ్ బిహేవియర్స్' పత్రికలో తన మొదటి ప్రశ్నావళిని ప్రచురించారు. అందులో 8 ప్రశ్నలు ఉండేవి. పొగాకు మీద శరీరం ఎంతగా ఆధారపడిందో కొలిచి, మనిషిని బట్టి చికిత్స నిర్ణయించాలన్నది ఆ వ్యాసం ఉద్దేశం. పొగతాగడాన్ని అలవాటుగానే తప్ప వ్యసనంగా చూడకూడదన్న అభిప్రాయం అప్పటికింకా బలంగా ఉండేది. అమెరికా ప్రభుత్వ ప్రధాన ఆరోగ్యాధికారి అయిన సర్జన్ జనరల్ 1964 నివేదిక దాన్ని అలవాటు అనే పేర్కొంది. నికోటిన్ వ్యసనకారి అని అదే కార్యాలయం స్పష్టంగా ప్రకటించింది 1988లో. 1991లో టాడ్ హెదర్టన్, లిన్ కోజ్లోవ్‌స్కీ, రిచర్డ్ ఫ్రెకర్‌లతో కలిసి ఫాగర్‌స్ట్రామ్ ఆ ప్రశ్నావళిని సరిదిద్ది ఆరు ప్రశ్నలకు కుదించారు. ఇప్పుడు ప్రపంచమంతటా వాడుకలో ఉన్నది ఈ రెండో రూపమే. నికోటిన్ మందులు తయారుచేసే ఫార్మాసియా సంస్థలో ఆయన చాలా ఏళ్ళు పనిచేశారన్న సంగతి పాఠకులు తెలుసుకోవలసినదే. అయితే ఈ పరీక్ష మార్కులను ఊపిరిలోని కార్బన్ మోనాక్సైడ్‌తోనూ, నికోటిన్ శరీరంలో విరిగాక లాలాజలంలో, రక్తంలో మిగిలే కోటినిన్ అనే పదార్థంతోనూ ఆయనతో సంబంధం లేని పరిశోధకులు అనేక దేశాల్లో పోల్చి చూశారు.

ప్రశ్నల్లోకి వెళ్ళేముందు పొద్దుటి పొగకు ఎందుకంత ప్రాధాన్యమో తెలుసుకోవాలి, ఎందుకంటే అది తెలియనివారు ఈ పరీక్షను యాంత్రికంగా వాడతారు. పొగ పీల్చిన 10 నుంచి 20 సెకన్లలో నికోటిన్ మెదడుకు చేరుతుంది. రక్తంలోని నికోటిన్ సుమారు ప్రతి రెండు గంటలకు సగానికి తగ్గుతుంది. అంటే రాత్రి ఎనిమిది గంటలు నిద్రపోయిన మనిషి లేచేసరికి అతని రక్తంలో పడుకునేముందు ఉన్నదానిలో పదహారో వంతు మాత్రమే మిగులుతుంది. ఏళ్ళ తరబడి పొగతాగినవారి మెదడులో నికోటిన్‌ను అందుకునే గ్రాహకాలు సంఖ్యలో పెరిగి ఉంటాయి. రాత్రంతా ఖాళీగా ఉన్న ఆ గ్రాహకాలు తెల్లవారేసరికి నికోటిన్ కోసం ఎదురుచూస్తుంటాయి. మెలకువ వచ్చిన అయిదు నిమిషాల్లో అగ్గిపెట్టె కోసం తడుముకునే మనిషి మనోబలం లేనివాడని అనుకోవడం అన్యాయం. అతని శరీరం నికోటిన్ లోటులో ఉంది, ఆ లోటు ఎంతో కొలవడానికే ఈ ప్రశ్న.

అడిగేముందు

పరీక్ష పెడుతున్న సంగతి ఆ మనిషికి ముందే చెప్పండి, ఇది తప్పొప్పులు ఎంచడానికి కాదనీ చెప్పండి. నలుగురిలో అడగవద్దు. మన ఇళ్ళలో చిన్నవాళ్ళు పెద్దల ఎదుట పొగతాగరు, తాగుతున్న సంగతి కూడా దాచుతారు. తండ్రి పక్కన కూర్చుని ఉండగా కొడుకు చెప్పే జవాబుకు విలువ ఉండదు. ఆడవాళ్ళ విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. ఉత్తరాంధ్ర పల్లెల్లో చుట్ట మండే కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు ఎక్కువగా ఆడవాళ్ళలోనే ఉండేది. 1971లో డెన్మార్క్‌కు చెందిన పిండ్‌బోర్గ్, బొంబాయికి చెందిన మెహతా తదితరులు ఆంధ్రప్రదేశ్‌లో 10,169 మంది గ్రామస్థుల అంగిళ్ళను పరీక్షించి ఆ అలవాటు చేసే హానిని నమోదు చేశారు. అటువంటి అలవాటున్న పెద్దావిడను అడగవలసి వస్తే, ఆమెతో చనువున్న కూతురో కోడలో ఆరోగ్య కార్యకర్తో అడగడం మేలు.

ఆరు ప్రశ్నలు, వాటిని అడిగే తీరు

మొదటి ప్రశ్న పొద్దుటి గురించి: నిద్ర లేచిన ఎంతసేపటికి మొదటిది వెలిగిస్తారు? 5 నిమిషాల లోపు అయితే 3 మార్కులు, 6 నుంచి 30 నిమిషాలయితే 2, 31 నుంచి 60 అయితే 1, గంట దాటితే సున్న. లెక్క మొదలయ్యేది మెలకువ వచ్చినప్పటి నుంచి, గడియారంలో ఉదయం నుంచి కాదు. రాత్రి డ్యూటీ చేసి మధ్యాహ్నం లేచే వాచ్‌మన్‌కు మధ్యాహ్నమే పొద్దు. ఇంట్లో తాగే వీలులేనివారి విషయంలో ఇంకో చిక్కు ఉంది. ఏడింటికి లేచి, తొమ్మిదింటికి బస్టాపు దగ్గర మొదటి సిగరెట్టు వెలిగించేవారికి ఈ ప్రశ్నలో సున్న వస్తుంది గానీ, ఆ రెండు గంటలూ ఇంట్లోవాళ్ళ భయంతో ఆగారా, అవసరం లేకనే ఆగారా అన్నది తెలియదు. అందుకే "ఇంట్లో ఎవరూ లేని రోజున ఎప్పుడు వెలిగిస్తారు?" అని కూడా అడిగి, ఆ జవాబుకు మార్కులు వేయండి. "బీడీ తాగితేగానీ దొడ్డికి రాదు" అనే మాట తరచూ వినిపిస్తుంది. అది సాకు కాదు. నికోటిన్ పేగుల కదలికను పెంచుతుంది, మానిన తొలి రోజుల్లో మలబద్ధకం నిజంగానే వస్తుంది. ఆ మాట చెప్పినవారు దాదాపు ఎప్పుడూ అరగంట లోపే వెలిగించేవారై ఉంటారని నా నమ్మకం.

రెండో ప్రశ్న: పొగతాగకూడని చోట ఆగడం కష్టంగా ఉంటుందా? అవునంటే 1. మన దేశంలో బహిరంగ ప్రదేశాల్లో పొగతాగడంపై నిబంధనలు 2008 అక్టోబరు 2 నుంచి అమల్లో ఉన్నా, ఆ నిషేధం బలంగా కనిపించని చోట్లు చాలా ఉన్నాయి కనుక "నిషేధం ఉన్న చోట" అని అడిగితే కొందరికి ఏదీ గుర్తుకు రాదు. హైదరాబాదు నుంచి విశాఖపట్నం బస్సులో వెళ్ళేటప్పుడు ఆగిన ప్రతిచోటా దిగుతారా, సినిమా విశ్రాంతి సమయం కోసం ఎదురుచూస్తారా, పెళ్ళిలో మామగారి ఎదుట కూర్చోవలసి వస్తే మనసు నిలుస్తుందా అని అడగండి.

మూడోది: రోజులో ఏ ఒక్కదాన్ని వదులుకోవడం అన్నిటికంటే కష్టం? పొద్దుటి మొదటిదే అంటే 1, మరేదైనా అంటే సున్న. భోజనం తరువాతిదనో, టీతో పాటు తాగేదనో చెప్పినవారికి మార్కు రాకపోయినా ఆ జవాబును కాగితం మీద రాసుకోండి, మానే రోజున అది పనికొస్తుంది.

నాలుగోది సంఖ్య: రోజుకు 10 లేదా అంతకు తక్కువైతే సున్న, 11 నుంచి 20 వరకు 1, 21 నుంచి 30 వరకు 2, 31, అంతకు మించితే 3. ఈ లెక్క సిగరెట్టు కోసం తయారైంది. సిగరెట్టుతో పోలిస్తే బీడీలో పొగాకు చాలా తక్కువ. అయినా తునికాకు చుట్టిన బీడీ ఆరిపోకుండా ఉండాలంటే వెంటవెంటనే గట్టిగా దమ్ము లాగాలి, అందువల్ల ఒంట్లోకి చేరే నికోటిన్, తారు (పొగలోని జిగట మసి) సిగరెట్టుకు తక్కువేమీ కావు. కాబట్టి బీడీని ఒకటిగానే లెక్కించి, రెండూ తాగేవారికి రెండూ కలిపి కూడండి. కట్టకు ఎన్ని బీడీలుంటాయో, కట్ట ఎన్నాళ్ళు వస్తుందో అడిగితే, సంఖ్యను నేరుగా అడిగినప్పటికంటే నమ్మదగిన జవాబు వస్తుంది. చుట్ట దగ్గర ఈ ప్రశ్న బాగా తడబడుతుంది. ఒకే చుట్టను కొంత కాల్చి, ఆర్పి, చెవి వెనకో చూరులోనో పెట్టి, మళ్ళీ వెలిగించేవారున్నారు. అక్కడ ఎన్ని చుట్టలు అని కాకుండా రోజుకు ఎన్నిసార్లు వెలిగిస్తారని అడగండి, వచ్చిన మార్కును అంచనాగానే పట్టించుకోండి.

చుట్ట గురించి మరొక మాట ఇక్కడే చెప్పాలి. "నేను పొగ మింగను, నోట్లోనే ఉంచి వదిలేస్తాను, నాకు అలవాటేమీ లేదు" అని చుట్ట కాల్చే పెద్దలు అంటారు. ప్రకాశం జిల్లాలో బ్యారన్లలో వేడితో క్యూరింగ్ చేసే (ఆరబెట్టే) వర్జీనియా పొగాకు పొగకు ఆమ్ల గుణం ఉంటుంది, అందులోని నికోటిన్ నోటి లోపలి పొర గుండా పెద్దగా ఇంకదు, ఊపిరితిత్తుల్లోకి పీల్చవలసిందే. చుట్టలకు వాడే, గాలికి ఆరబెట్టిన ముదురు పొగాకు పొగకు క్షార గుణం ఎక్కువ. దాని నికోటిన్ నోట్లోనే ఇంకిపోతుంది. పొగ మింగకపోయినా శరీరం దానికి బానిస కాగలదు. 1978 నాటి ప్రశ్నావళిలో పొగ లోపలికి పీలుస్తారా అనే ప్రశ్న ఉండేది. 1991లో దాన్నీ, ఏ బ్రాండులో ఎంత నికోటిన్ ఉందన్న ప్రశ్ననూ తీసేశారు. బ్రాండు ప్రశ్న పోవడానికి తగిన కారణం ఉంది. తక్కువ నికోటిన్ అని యంత్రం చూపించిన సిగరెట్టును మనిషి ఇంకా గట్టిగా, ఇంకా ఎక్కువసార్లు పీల్చి తనకు కావలసినంత తీసుకుంటాడు. అమెరికాలో నీల్ బెనోవిట్జ్ బృందం 1983లో ఈ సంగతిని రక్తపరీక్షలతో నిరూపించింది. 'లైట్' రకానికి మారడం వ్యసనం తగ్గిందనడానికి గుర్తు కాదు.

అయిదో ప్రశ్న: లేచిన తొలి గంటల్లో మిగతా రోజుకంటే ఎక్కువగా తాగుతారా? అవునంటే 1. ఆరోది: జబ్బుచేసి రోజులో ఎక్కువసేపు మంచం మీదే ఉన్నప్పుడు కూడా తాగుతారా? అవునంటే 1. ఈ చివరి ప్రశ్నకు "జ్వరం వస్తే నోటికి రుచించదు" అనే జవాబు సహజంగా వస్తుంది, అప్పుడు "అయినా రోజు మొత్తంలో ఒకటైనా వెలిగించారా?" అని మరోసారి అడగండి.

మార్కులను అర్థం చేసుకోవడం

మొత్తం 10. సున్న నుంచి 2 వరకు చాలా తక్కువ, 3, 4 తక్కువ, 5 మధ్యరకం, 6, 7 ఎక్కువ, 8 నుంచి 10 చాలా ఎక్కువ. ఇద్దరు మనుషులను ఊహించుకోండి. ఒకరు లారీ డ్రైవరు: లేచిన పది నిమిషాలకు వెలిగిస్తారు (2), 15 బీడీలూ 5 సిగరెట్లూ కలిపి రోజుకు 20 (1), పెట్రోలు బంకులో ఆగడం కష్టం (1), మొదటిదాన్ని వదులుకోలేరు (1), జ్వరంలోనూ తాగుతారు (1). మొత్తం 6. మరొకరు ఆఫీసు ఉద్యోగి: ఆయనా రోజుకు 20 సిగరెట్లే తాగుతారు (1), కానీ సెలవు రోజున కూడా పది దాటాకగానీ వెలిగించరు, మిగిలిన అన్నిటికీ కాదనే అంటారు. మొత్తం 1. ఇద్దరినీ సంఖ్య ఒక్కటే అడిగి ఉంటే ఒకే గాటన కట్టేవాళ్ళం. డ్రైవరుకు మానిన రెండో రోజున చేతులు వణుకుతుంటే, ఉద్యోగికి పొగ గుర్తొచ్చేది స్నేహితులు టీ కొట్టు దగ్గరకు పిలిచినప్పుడే కావచ్చు. ఇద్దరికీ ఒకే సలహా ఇవ్వడం ఇద్దరికీ అన్యాయం.

ఆరు ప్రశ్నలకూ సమయం లేనప్పుడు మొదటిదీ నాలుగోదీ అడిగినా చాలు. పది మార్కుల్లో ఆరు ఆ రెండింటివే, హెదర్టన్, కోజ్లోవ్‌స్కీ ప్రభృతులు 1989లోనే ఆ రెండింటితో ఒక సూచికను ప్రతిపాదించారు.

తక్కువ మార్కులు వచ్చినవారు తమకు ప్రమాదం లేదనుకోకుండా చూడండి. ఈ పరీక్ష కొలిచేది వ్యసనాన్ని మాత్రమే, హానిని కాదు. పిట్స్‌బర్గ్‌లో సాల్ షిఫ్‌మన్ పరిశోధించిన, రోజుకు అయిదుకు మించకుండా తాగుతూ వ్యసనంలో పడనివారి వంటివాళ్ళు మన మధ్యనూ ఉంటారు. వారికి ఇక్కడ సున్నే రావచ్చు. కానీ రోజుకు ఒక్క సిగరెట్టు తాగేవారికి కూడా, 20 తాగేవారికి గుండెజబ్బు విషయంలో అదనంగా ఉండే ముప్పులో సుమారు సగం ఉంటుందని 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన సమీక్ష తేల్చింది.

మార్కులు తెలిశాక

మార్కులు 4 లోపు ఉన్నవారితో మందుల మాట వెంటనే ఎత్తనక్కరలేదు. రెండు వారాల లోపు ఒక తేదీ పెట్టుకొమ్మనండి, ఆనాటికి ఇంట్లో, జేబులో, స్కూటరు డిక్కీలో ఉన్నదంతా తీసేయమనండి. మూడో ప్రశ్నకు రాసుకున్న జవాబును ఇప్పుడు బయటకు తీయండి: భోజనం తరువాతిదే కష్టమన్నవారు చెయ్యి కడుక్కున్న వెంటనే నడకకు వెళ్ళాలి, టీతో పాటు తాగేవారు కొన్నాళ్ళు టీ ఇంట్లోనే తాగాలి. ఒకేసారి మానడం మేలా, కొంచెం కొంచెం తగ్గించడం మేలా అని అందరూ అడుగుతారు. ఇంగ్లండులో 697 మందితో జరిగి 2016లో ప్రచురితమైన అధ్యయనంలో నాలుగు వారాలు పూర్తయ్యేసరికి ఒకేసారి మానినవారిలో 49 శాతం, మెల్లగా తగ్గించినవారిలో 39.2 శాతం పొగకు దూరంగా ఉన్నారు. అందుచేత నేను తేదీ పెట్టుకొని ఒకేసారి మానడాన్నే సమర్థిస్తాను.

5, అంతకు మించి వచ్చినవారిని మనోబలం మీదే వదిలేయవద్దు. వారికి వైద్యుని సలహాతో నికోటిన్ చూయింగ్ గమ్, లాజెంజ్ (చప్పరించే బిళ్ళ), ప్యాచ్ (చర్మానికి అంటించే పట్టీ) వంటివి, లేదా వారెనిక్లిన్, బుప్రోపియాన్ వంటి మాత్రలు అవసరం కావచ్చు. లేచిన అరగంట లోపు వెలిగించేవారికి సాధారణంగా 4 మిల్లీగ్రాముల లాజెంజ్, ఆ తరువాత వెలిగించేవారికి 2 మిల్లీగ్రాములది సూచిస్తారు. మోతాదును కూడా మొదటి ప్రశ్నే నిర్ణయిస్తుందని గమనించండి. 8 దాటినవారికి రోజంతా పనిచేసే ప్యాచ్‌తో పాటు కోరిక పుట్టినప్పుడు నమిలే గమ్ కలిపి ఇస్తే ఒక్కటే ఇచ్చినప్పటికంటే ఫలితం మెరుగ్గా ఉంటుంది. గర్భిణులూ, ఈమధ్యే గుండెపోటు వచ్చినవారూ, మానసిక వ్యాధికి మందులు వాడుతున్నవారూ వైద్యుణ్ణి అడగకుండా వీటిలో ఏదీ మొదలుపెట్టరాదు.

గమ్‌ను మామూలు చూయింగ్ గమ్‌లా గబగబా నమిలి, ఎక్కిళ్ళు వచ్చి, గొంతు మండి, పనిచేయదని పారేసేవారు ఎక్కువ. నాలుగైదుసార్లు నెమ్మదిగా నమలాలి, ఘాటు తెలియగానే ఆపి, దాన్ని బుగ్గకూ చిగురుకూ మధ్య ఉంచుకోవాలి, ఘాటు తగ్గాక మళ్ళీ నమలాలి, ఇలా అరగంట. నికోటిన్ నోటి పొర గుండా ఇంకాలి కనుక, ఆ పొరను పుల్లగా మార్చే కాఫీ, నిమ్మరసం, శీతల పానీయాలను నమలడానికి పావుగంట ముందు నుంచి నోట పెట్టకూడదు. చుట్ట పొగ నోట్లో ఇంకడానికీ, కాఫీ తాగాక గమ్ పనిచేయకపోవడానికీ వెనక ఉన్నది ఒకే సూత్రం.

"ఒక నికోటిన్ మాన్పించడానికి మరో నికోటినా?" అని ఇంట్లోవాళ్ళు భయపడతారు. లండన్‌లోని మాడ్స్‌లీ ఆసుపత్రి పరిశోధకుడు మైకేల్ రస్సెల్ 1976లోనే దీనికి జవాబిచ్చారు: మనుషులు పొగతాగేది నికోటిన్ కోసం, చనిపోయేది తారు వల్ల. గమ్‌లో తారు ఉండదు, కార్బన్ మోనాక్సైడ్ ఉండదు. అందులోని నికోటిన్ నెమ్మదిగా రక్తంలో కలుస్తుంది గానీ సెకన్లలో మెదడుకు చేరదు, కనుక మళ్ళీమళ్ళీ కావాలనిపించే గుణం చాలా తక్కువ. ఫాగర్‌స్ట్రామ్ కూడా 2012లో తన పరీక్ష కొలిచేది నికోటిన్ మీద కంటే సిగరెట్టు మీద ఆధారపడటాన్ని అని వాదించి, దాని పేరును ఆ మేరకు మార్చారు.

మానిన తరువాత మొదటి రెండు మూడు రోజులు అన్నిటికంటే కఠినం. చిరాకు, దిగులు, నిద్ర పట్టకపోవడం, దేనిమీదా దృష్టి నిలవకపోవడం, అతి ఆకలి వస్తాయి. ఆకలి తప్ప మిగిలినవి చాలామందికి రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గుతాయి. మార్కులు ఎక్కువగా ఉన్న మనిషి ఆ రోజుల్లో విసుక్కుంటే ఎదురు విసుక్కోవద్దని ఇంట్లో అందరికీ ముందే చెప్పి ఉంచండి. కాఫీ, టీలను సగానికి తగ్గించడం కూడా మంచిది. పొగలోని పదార్థాలు కాలేయం కెఫీన్‌ను త్వరగా విరిచేసేలా చేస్తాయి, పొగ ఆగగానే అదే కాఫీ ఒంట్లో ఎక్కువసేపు నిలిచి గుండెదడనూ నిద్రలేమినీ పెంచుతుంది. ఉబ్బసానికి థియోఫిలిన్ వాడేవారి రక్తంలో ఆ మందు స్థాయి కూడా ఇలాగే పెరగవచ్చు, మానుతున్న సంగతి వైద్యునికి చెప్పి తీరాలి.

అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులూ పొగ ముట్టనివారిని మన ఊళ్ళలో ప్రతి ఏటా చూస్తాం. శరీరానికి సంబంధించిన కష్టమంతా ఆ మండల కాలంలోనే దాటిపోతుంది. మాల తీసిన రోజున మళ్ళీ వెలిగించడానికి కారణం, అదే టీ కొట్టు, అదే స్నేహబృందం, అదే వేళ ఎదురవడం. కాబట్టి దీక్షలో ఉన్నవారికి ఈ పరీక్ష పెట్టదలిస్తే, దీక్షకు ముందున్న అలవాటు గురించి అడగండి, మాల తీసే రోజునే మానే తేదీగా భావించి ఆనాటికి ఏర్పాట్లు సిద్ధం చేయండి.

మళ్ళీ వచ్చి అడుగుతానని చెప్పడం మరువవద్దు. 1979లో ప్రచురించిన అధ్యయనంలో రస్సెల్ బృందం లండన్ వైద్యుల దగ్గరికి వచ్చిన 2,138 మంది పొగతాగేవారిని పరిశీలించింది. ఏ సలహా అందనివారిలో ఏడాది తరువాత 0.3 శాతం మానేసి ఉన్నారు; వైద్యుడు మానమని సలహా ఇచ్చినవారిలో 3.3 శాతం; సలహాతో పాటు కరపత్రం ఇచ్చి, మళ్ళీ కనుక్కుంటామని కూడా చెప్పినవారిలో 5.1 శాతం. శాతాలు చిన్నవిగా కనిపిస్తాయి, కానీ ఆ సలహాకు పట్టింది ఒకటి రెండు నిమిషాలే. మొదటి వారంలో ఒకసారి, నెల తిరిగాక ఒకసారి, మూడు నెలలయ్యాక ఒకసారి పలకరించండి. ఈలోగా మళ్ళీ మొదలుపెట్టినట్లు తెలిస్తే ఆరు ప్రశ్నలూ తిరిగి అడగండి. మార్కులు తగ్గి ఉంటే, ముఖ్యంగా పొద్దుటి మొదటిది ఆలస్యమై ఉంటే, ఆ సంగతి ఆ మనిషికి చెప్పి కొత్త తేదీ పెట్టించండి. తగ్గకపోతే ఈసారి మందు మోతాదు గురించి వైద్యునితో మాట్లాడండి. దగ్గరలో అటువంటి వైద్యుడు లేనివారు సిగరెట్టు పెట్టెల మీద ముద్రించే జాతీయ ఉచిత సహాయ నంబరు 1800-11-2356కు ఫోన్ చేసి, మీరు వేసిన మార్కులు చెప్పి సలహా తీసుకోవచ్చు.